డెమెరారా నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన అధ్యాయాలన్నీ చదివాను. కరీబియన్ అనగానే మనవాళ్ళకి క్రికెట్ గుర్తొస్తుంది. అక్కడి బానిసల తిరుగుబాటు మీద తెలుగులో నవల రాయాలన్న ఆలోచన నీకు రావడం నాకు నిజంగా సంతోషం. ఇప్పటి గయానాలో భాగమైన డెమెరారాలో 1823 ఆగస్టు 18న మొదలైన ఆ తిరుగుబాటులో దాదాపు పదివేల మంది పాల్గొన్నారు. అంత పెద్ద విషయాన్ని భుజానికెత్తుకున్నావు కాబట్టి మెచ్చుకోలుతో సరిపెట్టలేను. మార్చాల్సినవి చెబుతాను.

నీ మొదటి అధ్యాయం నిండా కొరడా దెబ్బలే. అవి అబద్ధమని ఎవరూ అనరు. కానీ క్వామినా ఎవరో తెలియకముందే అతని వీపు చూపించావు. చదివేవాళ్ళకి మొదట జాలి పుడుతుంది, ఆ తర్వాత నువ్వు ఎంత ప్రయత్నించినా అతన్ని నాయకుడిగా చూడటం కష్టమవుతుంది. క్వామినా సక్సెస్ అనే తోటలో పెద్ద వడ్రంగి. పక్కనే ఉన్న లె రెసువెనిర్ తోటలోని బెతెల్ చర్చిలో డీకన్, అంటే సంఘంలో పదిమంది మాట వినే పెద్దమనిషి. కొడుకు జాక్ పీపాలు తయారుచేసేవాడు. చక్కెర ఇంగ్లండుకి ఆ పీపాల్లోనే వెళ్ళేది. అతని పేరు చివరనున్న గ్లాడ్‌స్టన్ తోట యజమాని ఇంటిపేరు. ఆ యజమాని జాన్ గ్లాడ్‌స్టన్ లివర్‌పూల్‌లో వ్యాపారి, తన తోటల్ని ఎప్పుడూ కళ్ళతో చూడలేదు. ఆయన కొడుకు విలియం తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయ్యాడు. ముందు వడ్రంగి చేతిలో ఉలి చూపించు. తండ్రీకొడుకుల పనితనం చూపించు. దెబ్బలు ఆ తర్వాత వస్తే వాటి బరువు వేరుగా ఉంటుంది.

ఆ నేలని కూడా నువ్వు సరిగా పట్టించుకోలేదు. "అందమైన సముద్ర తీరం" అని రాసి ముందుకెళ్ళిపోయావు. ఆ తీరం సముద్రం పోటు మీదున్నప్పుడు నీటిమట్టం కంటే దిగువన ఉంటుంది. గట్టు వేయకపోతే, కాలువలు తవ్వకపోతే, కోకర్ అని పిలిచే తూముల తలుపులు వేళకి ఎత్తి దించకపోతే అక్కడ చెరుకు కాదు గదా గడ్డి కూడా నిలవదు. ఆ బురదంతా ఎత్తిపోసింది బానిసలే. తోటలు సముద్రం నుంచి లోపలికి సన్నగా, పొడుగ్గా, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. అందుకే ఒక తోటలో పుట్టిన మాట పొద్దుగూకేలోపు పది తోటలు దాటేది. సక్సెస్ మొదట కాఫీ తోట. దాన్ని చెరుకులోకి మార్చాక పని పెరిగింది: నరకడం, గానుగ ఆడటం, రాత్రుళ్ళు బానల్లో రసం కాచడం. తిరుగుబాటు ఎందుకు వచ్చిందో చెప్పడానికి నువ్వు రాసిన రెండు పేజీల ఉపన్యాసం తీసేసి ఈ పని రాయి, చాలు.

ఇక అసలు సంగతి. ఆ ఏడాది లండన్‌లో మంత్రి బాథర్స్ట్ నుంచి డెమెరారా లాంటి బ్రిటిష్ వలసరాజ్యాలకి ఒక ఉత్తరం వచ్చింది: ఆడవాళ్ళని కొరడాతో కొట్టకూడదు, పొలంలో కొరడా పట్టుకుని నిలబడకూడదు అని. డెమెరారా గవర్నరు జాన్ మర్రీ, తోటల యజమానులు ఆ సంగతి బయటికి చెప్పకుండా తాత్సారం చేశారు. గవర్నరు ఇంట్లో పనిచేసే డేనియల్ నుంచి అది జాక్ చెవిన పడింది. నోరు మారేకొద్దీ "రాజుగారు స్వేచ్ఛ ఇచ్చారు, వీళ్ళు దాచిపెట్టారు" అన్న మాటగా మారింది. నీ నవలలో ఒక పాత్ర దీన్ని "అమాయకుల పుకారు" అంటుంది. ఆ మాట కొట్టేయమని గట్టిగా చెబుతున్నాను. తమకి రావాల్సినదేదో దాచిపెట్టారన్నది అక్షరాలా నిజం. ఎంత దాచారన్న దగ్గర మాత్రమే వాళ్ళ లెక్క తప్పింది.

తిరుగుబాటు రాత్రిని నువ్వు సినిమా క్లైమాక్స్‌లా రాశావు. మంటలు, నరికివేతలు, క్వామినా నోట పొడుగాటి డైలాగులు. నిజంగా జరిగినది ఇంతకంటే గొప్పది తమ్ముడూ. వాళ్ళు తోటల్లో తుపాకులు లాక్కున్నారు, యజమానుల్ని, మేనేజర్లని పట్టుకున్నారు. పట్టుకుని బొండకొయ్యల్లో బిగించారు. నిన్నటిదాకా తమ కాళ్ళు బిగించిన బొండకొయ్యలే అవి. పదివేల మంది లేచిన ఆ తిరుగుబాటులో చనిపోయిన తెల్లవాళ్ళు ఇద్దరో ముగ్గురో. క్వామినా అయితే అసలు ఆయుధాలే వద్దన్నాడు, పని మానేసి కూర్చుందామన్నాడు. జాక్ తొందరపడ్డాడు. తండ్రికీ కొడుక్కీ మధ్య ఉన్న ఆ పెనుగులాటే నీ నవలకి ప్రాణం. దాన్ని వదిలేసి మంటల వెంట పడ్డావు.

ఆ సాయంత్రం గవర్నరే దారిలో వాళ్ళకి ఎదురుపడ్డాడు. ఏం కావాలని అడిగితే, మా హక్కు అన్నారు. లండన్ నుంచి వచ్చిన కొత్త నిబంధనల గురించి చెప్పబోతే, అవి మాకేం ఊరటనివ్వవన్నారు. దేవుడు మమ్మల్నీ తెల్లవాళ్ళనీ ఒకే రక్తమాంసాలతో చేశాడు, బానిసలుగా ఉండి విసిగిపోయాం, ఇక పని చేయం అన్నారు. ఈ మాటలు మనదాకా ఎలా వచ్చాయో తెలుసా? గవర్నరే లండన్‌కి రాసిన నివేదికలో ఉన్నాయి. వాళ్ళని అణిచేసినవాడే వాళ్ళ వాదనని కాగితం మీద పెట్టాడు. అలాంటి మాటలు దొరికినప్పుడు నువ్వు కల్పించిన డైలాగులు ఎందుకు?

అయితే కాగితం మీద ఉన్నదల్లా నమ్మొద్దు. జాక్ పేరుతో ఒక వాంగ్మూలం ఉంది. అందులో నేరమంతా బెతెల్ చర్చి పాదిరి జాన్ స్మిత్ మీదికి పోయేలా ఉంటుంది. జాక్‌ని ఉరి తీయకుండా సెయింట్ లూసియా దీవికి పంపించేశారు. ఆ వాంగ్మూలం భాష ఎవరిది? ప్రాణం మీద ఆశ చూపించి చెప్పించిందెంత, జాక్ మనసులోంచి వచ్చిందెంత? నువ్వు ఆ కాగితాన్ని జాక్ ద్రోహానికి సాక్ష్యంగా వాడేశావు. నాకు అది చాలా అన్యాయంగా అనిపించింది. సంకెళ్ళలో ఉన్నవాడు ఇచ్చిన వాంగ్మూలం చదివేటప్పుడు, ఎదురుగా కూర్చుని రాసుకుంటున్నవాడికి ఏం కావాలో ముందు ఆలోచించాలి.

స్మిత్ గురించి. ఆయన మంచివాడే, సందేహం లేదు. 1817లో దిగినప్పుడే, నల్లవాళ్ళకి చదువు చెప్పావంటే వెళ్ళగొడతానని గవర్నరు బెదిరించాడు. తిరుగుబాటు తర్వాత సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. క్షమాభిక్ష అందేలోపే, 1824 ఫిబ్రవరి 6న, క్షయతో జైల్లో చనిపోయాడు. ఇంగ్లండులో బానిసత్వ వ్యతిరేకులు ఆయన్నే అమరవీరుణ్ణి చేశారు, పార్లమెంటులో చర్చ జరిగింది. ఒక తెల్ల పాదిరి చావు కదిలించినంతగా, బ్యాచిలర్స్ అడ్వెంచర్ తోట దగ్గర ఆగస్టు 20న సైన్యం కాల్చి చంపిన వందమందికి పైగా మనుషుల చావు ఆ దేశాన్ని కదిలించలేదు. నువ్వు కూడా చివరి మూడు అధ్యాయాలు స్మిత్‌కే ఇచ్చావు. క్వామినాని సెప్టెంబరు 16న కాల్చి చంపి, శవాన్ని సక్సెస్ తోట ముందు గొలుసులతో వేలాడదీశారు. అది నీ నవలలో ఒకే ఒక్క వాక్యం. ఇవాళ జార్జ్‌టౌన్‌లో ఒకప్పటి మర్రీ వీధికి క్వామినా వీధి అని పేరు. గయానా వాళ్ళు ఎవరిని తలుచుకోవాలో తేల్చుకున్నారు. నువ్వూ తేల్చుకో.

తెలుగు పాఠకులకి దగ్గరవుతుందని మనవాళ్ళ ప్రస్తావన తెచ్చావు. సంబంధం ఉన్న మాట నిజం. 1834లో బానిసత్వం రద్దయినప్పుడు జాన్ గ్లాడ్‌స్టన్‌కి లక్ష పౌండ్లకి పైగా నష్టపరిహారం ముట్టింది, బానిసలకి పైసా దక్కలేదు. ఆ గ్లాడ్‌స్టన్ ప్రయత్నంతోనే 1838లో కలకత్తా నుంచి విట్బీ, హెస్పరస్ ఓడల్లో మొదటి భారతీయ కూలీలు వెళ్ళారు. తర్వాత మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇది చివర్లో ఒక పేజీ ఉంటే మంచిదే. కానీ క్వామినా కథ మనకి ముట్టాలంటే మన కూలీల సిఫారసు అక్కర్లేదు. మధ్యమధ్యలో మనవాళ్ళని దూరుస్తుంటే అతని కథ పలచబడుతోంది.

నీ రాతప్రతిలో నన్ను బాగా బాధపెట్టింది ఆడవాళ్ళు లేకపోవడం. పొలాల్లో మగవాళ్ళతో సమానంగా వంగి పనిచేసింది వాళ్ళే. యజమానులకి ఆ ఉత్తరంలో బాగా కంటగింపైన సంగతుల్లో ఆడవాళ్ళని కొట్టకూడదన్నది ఒకటి. క్వామినా భార్య పెగ్గీ 1822లో జబ్బుపడితే, పక్కన ఉండటానికి అతనికి సెలవివ్వలేదు. ఒక సాయంత్రం పని నుంచి ఇంటికొచ్చేసరికి ఆమె చనిపోయి ఉంది. ఇంత తెలిసి కూడా ఆమెకి ఒక్క సన్నివేశం రాయలేదేం? ఇరవై ఏళ్ళ కాపురం వాళ్ళది. ఆయుధాలు వద్దన్న మనిషి, చర్చిలో ఓర్పు గురించి విన్న మనిషి, ఆ సాయంత్రం తర్వాత ఓర్పు గురించి ఏమనుకుని ఉంటాడు? స్మిత్ అధ్యాయాలు పక్కన పెట్టి ముందు ఇది రాయి. పెగ్గీ బతికుండగా మొదలుపెట్టు, ఆమె మాట్లాడాలి, కోప్పడాలి, జాక్‌ని మందలించాలి. అయ్యాక ఆ ఒక్క అధ్యాయమే పంపు, మిగతాది తిరగరాసేలోపు దాని గురించి ఫోన్లో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య