30 నాట్లు ఎందుకు దాటడం లేదు?

ప్రశ్న: మాది తెనాలి. ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఉంటున్నాం. నా వయసు 46, బరువు 75 కిలోలు. నాలుగేళ్లుగా శని, ఆదివారాల్లో కాల్‌షాట్ తీరం దగ్గర విండ్‌సర్ఫింగ్ (తెరచాప బిగించిన పలక మీద నిలబడి నీళ్లపై దూసుకుపోయే ఆట) చేస్తున్నాను. ఈ ఏడాది ఎలాగైనా 30 నాట్లు (గంటకు దాదాపు 55 కిలోమీటర్లు) దాటాలని పట్టుదల. జీపీఎస్ వాచీలో ఇంతవరకు వచ్చిన గరిష్ఠం 27.6. వేగం కోసమని వేసవిలో 7.8 చదరపు మీటర్ల సెయిల్ (తెరచాప) కొన్నాను. 20 నాట్ల గాలిలో దాన్ని పట్టుకుంటే చేతులు పీకేస్తున్నాయి గానీ వేగం మాత్రం 27 దగ్గరే ఆగిపోతోంది. ఒకసారి బోల్తా పడ్డప్పుడు వాచీ 34.2 చూపించింది. దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చా? "ఈ వయసులో ఎవరితో పందెం?" అంటుంది మా ఆవిడ. ఆవిడకేం చెప్పమంటారు?
– పేరు రాయొద్దన్న పాఠకుడు

జవాబు: ముందు ఆ 34.2 సంగతి తేల్చేద్దాం. అది మీది కాదండీ, వాచీది. వాచీ మణికట్టు మీద ఉంటుంది. మీరు పడగానే చెయ్యి నీళ్లలోకి పోతుంది, ఉపగ్రహాల సిగ్నల్ తెగుతుంది, మళ్లీ పైకి రాగానే వాచీ తడబడి నోటికొచ్చిన అంకె చెబుతుంది. ఇంటికెళ్లి ఆ రోజు రికార్డును సెకను సెకనుకూ విప్పి చూడండి. నిజమైన వేగమైతే 24, 25, 26.5, 27 అంటూ మెట్లెక్కినట్టు పెరిగి, అలాగే దిగాలి. 22, ఆ వెంటనే 34, మళ్లీ 9 అని ఉందంటే దాన్ని కొట్టేయండి. వాచీని మోచేతికి పైన, వెట్‌సూట్ మీద కట్టుకుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. స్పీడ్ పిచ్చి బాగా ముదిరినవాళ్లు జీపీఎస్‌ను హెల్మెట్‌కే తగిలించుకుంటారు. దూరాన్ని కాలంతో భాగించే పరికరం కన్నా డాప్లర్ పద్ధతిలో, అంటే సిగ్నల్ పౌనఃపున్యంలో వచ్చే తేడాను బట్టి, వేగాన్ని నేరుగా పట్టే పరికరాన్ని నమ్మండి.

ఏ 30 కావాలో కూడా తేల్చుకోండి. 2 సెకన్ల గరిష్ఠమా, 10 సెకన్ల సగటా, 500 మీటర్ల సగటా? మూడూ వేరు. 1972లో మన డోర్సెట్ తీరంలోనే, పోర్ట్‌లాండ్ హార్బర్‌లో, టిమ్ కోల్మన్ 'క్రాస్‌బో' అనే పడవ మీద 26.3 నాట్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. మీ 27.6 దానికన్నా ఎక్కువేనని సంబరపడేరు. ఆయనది 500 మీటర్ల సగటు, మీది రెండు సెకన్ల ముక్క. మీ 500 మీటర్ల సగటు బహుశా 24 దగ్గర ఉంటుంది. మొదటి గురి 2 సెకన్లకే పెట్టుకోండి, తప్పేం లేదు. ఎవరికైనా చెప్పేటప్పుడు మాత్రం ఏ లెక్కో చెప్పండి.

ఇక అసలు విషయం. మీరు గాలి కోసం, సెయిల్ కోసం వెతుకుతున్నారు. వెతకాల్సింది నీళ్లను. కాల్‌షాట్ దగ్గర గాలి నైరుతి నుంచి గట్టిగా కొట్టిందంటే అక్కడి సోలెంట్ జలసంధి అంతా చిన్న చిన్న అలలతో కెలికేసినట్టు ఉంటుంది, పైగా ఓడల రాకపోకలు. బోర్డు ఎగిరి పడినప్పుడల్లా బోర్డు అడుగున ఉండే ఫిన్ (రెక్క) నీటి పట్టు కోల్పోతుంది, మీరు భయపడి సెయిల్‌ను వదులు చేస్తారు, వేగం పోతుంది. గతుకుల రోడ్డు మీద బండికి ఇంజిన్ మార్చి ఏం లాభం?

గంటన్నర పైనే డ్రైవింగ్ అయినా పోర్ట్‌లాండ్ హార్బర్‌కి వెళ్లండి. దాని పడమటి అంచున చెసిల్ బీచ్ ఉంది. అది ఇసుక కాదు, ఎత్తయిన గులకరాళ్ల గట్టు. నైరుతి గాలి ఆ గట్టు మీదుగా దాటి వచ్చి హార్బర్ నీళ్ల మీద పడుతుంది. అల లేవడానికి చోటే ఉండదు. గట్టుకి ఎంత దగ్గరగా వెళ్తే నీళ్లు అంత నున్నగా ఉంటాయి. గాలి నైరుతి నుంచి కాస్త పడమరకు తిరిగిన రోజైతే ఇంకా మంచిది: హార్బర్ వాయవ్య మూల ఫెర్రీబ్రిడ్జ్ వైపు నుంచి గట్టు పక్కనే ఆగ్నేయంగా పోతుంటే గాలి మీకు సరిగ్గా వెనక పక్క నుంచి తగులుతుంది. 1972 నుంచి వేమత్ స్పీడ్ వీక్ అనే వేగం పోటీలు అక్కడ జరుగుతున్నాయంటే ఊరికే కాదు. ఫ్రాన్స్‌కు చెందిన విండ్‌సర్ఫర్ ఆంట్వాన్ అల్బో 2015లో 53.27 నాట్లు, అంటే గంటకు 98 కిలోమీటర్ల పైచిలుకు, కొట్టింది నమీబియాలోని లూడరిట్జ్‌లో. ఆ పరుగు కోసం అక్కడ పనిగట్టుకుని కాలువే తవ్వారు. ప్రపంచంలోకెల్లా వేగంగా పోయేవాళ్లే నున్నటి నీళ్ల కోసం ఇంత తాపత్రయపడుతుంటే మీరు అలల మీద 30 అడుగుతున్నారు.

నున్నటి నీళ్లు దొరికాక దిశ. మీరు రాసిన తీరు చూస్తే గాలికి సరిగ్గా అడ్డంగా పోతున్నారని అనుమానం. లెక్క చూడండి. గాలి 20 నాట్లు, మీ వేగం 28. గాలికి అడ్డంగా పోతే సెయిల్‌కి తగిలే గాలి 34 నాట్లు, అదీ దాదాపు ముఖం మీదికే, ముక్కుకు 35 డిగ్రీల పక్కనుంచి. అదే వేగంతో, గాలి వచ్చే వైపు నుంచి 125 డిగ్రీల దిశకు (అంటే గాలి వెనక పక్క నుంచి వచ్చేలా) తిరిగితే తగిలేది 23 నాట్లే, 45 డిగ్రీల నుంచి. సెయిల్ మిమ్మల్ని పక్కకి లాగడం తగ్గి ముందుకు తోయడం పెరుగుతుంది. చేతులు పీకడం కూడా సగం తగ్గుతుంది. కాకపోతే మొదటి నుంచే అలా తిరిగితే వేగం అందుకోలేరు. అడ్డంగానే పోతూ ఊపు తెచ్చుకోండి. గాలి తెర వస్తే నీటి మీద నల్లటి మచ్చ కదిలి వస్తుంది. అది మీ మీద పడ్డ క్షణాన దిశ తిప్పండి. ముందు కాలు చాచి, బరువంతా హార్నెస్ (సెయిల్‌కి తగిలించుకునే నడుం పట్టీ) మీద వేసి, సెయిల్ కింది అంచును బోర్డుకి ఆనించండి. చూపు బోర్డు మీద కాదు, వంద మీటర్ల అవతల. ఆ మూడు నాలుగు సెకన్లు భయమేసి చేతులు తెరవకపోతే అంకె వస్తుంది.

7.8 సెయిల్ గురించి: డబ్బు మీది, నేనేమీ అనను. 12–15 నాట్ల రోజులకి దాచుకోండి. 75 కిలోల మనిషికి 20–25 నాట్ల గాలిలో 6 చదరపు మీటర్లు చాలు, దానికి తగ్గట్టు 32 సెంటీమీటర్ల లోపు ఫిన్. పెద్ద ఫిన్ వేగం మీద బోర్డును పైకి ఎత్తేస్తుంది. మాస్ట్ (సెయిల్ నిలబెట్టే కొయ్య) అడుగున తాడు ఇంకో రెండు సెంటీమీటర్లు లాగండి. సెయిల్ పై భాగంలో వెనక అంచు వదులుగా రెపరెపలాడాలి. చూడ్డానికి పాడైపోయినట్టే ఉంటుంది గానీ ఎక్కువైన గాలి జారిపోయేది అక్కడి నుంచే.

ఆవిడ ప్రశ్నకు వస్తే, పందెం ఎవరితోనూ కాదని ఆవిడకూ తెలిసే ఉంటుంది. అడుగుతున్నది భద్రత గురించి అనుకుంటాను. 30 నాట్లంటే గంటకు యాభై అయిదున్నర కిలోమీటర్లు. ఆ వేగంలో పడితే నీళ్లు మెత్తగా ఉండవు. హెల్మెట్, దెబ్బ తగలకుండా కాచే జాకెట్ తప్పనిసరి. చెసిల్ దగ్గర గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తుంది. మాస్ట్ విరిగితే హార్బర్ మధ్యకి కొట్టుకుపోతారు. అందుకని ఒంటరిగా వద్దు, ఫోన్ నీరు చొరని సంచిలో మీ ఒంటి మీదే ఉండాలి. ఫిబ్రవరికి నీళ్లు 8–9 డిగ్రీలకు దిగుతాయి, వేళ్లు మొద్దుబారితే హార్నెస్ కొక్కెం కూడా విప్పలేరు. నన్నడిగితే అక్టోబరు, నవంబరు మీకు సరైన నెలలు: గాలి ఉంటుంది, నీళ్లలో ఇంకా కాస్త వెచ్చదనం మిగిలి ఉంటుంది. కాకపోతే నవంబరులో నాలుగున్నరకల్లా చీకటి. చివరి పరుగు మూడున్నరకే ముగించి, ఆ మాట ఆవిడకి బయల్దేరేముందే చెప్పి వెళ్లండి.