మౌంట్ వేవర్లీలో ఇల్లు కొనే ముందు

చిరంజీవి అబ్బాయికి, బాబాయ్ ఆశీస్సులు.

పీఆర్, అదే శాశ్వత నివాస అనుమతి, వచ్చింది కాబట్టి నీకో టెన్షన్ తీరింది. 2025 ఏప్రిల్ నుంచి టెంపరరీ వీసా మీదున్నవాళ్లు పాత ఇళ్లు కొనకుండా ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆపేసింది.

మెల్‌బోర్న్ శివార్లలో టార్నీట్‌లో కొత్త ఇల్లా, మౌంట్ వేవర్లీలో పాతదా అని అడిగావు. పిల్లలు బడి ఈడుకొచ్చారు, స్కూళ్ల కోసం నేనైతే పాతదే తీసుకోమంటాను. 1960ల నాటి ఆ ఇళ్లకి 600 చదరపు మీటర్ల స్థలం, మన లెక్కలో 720 గజాలకి కాస్త తక్కువ, మామూలే. రేపు విలువ పెరిగేది ఆ నేలకే. కాకపోతే 12 లక్షల డాలర్ల ఇంటికి స్టాంప్ డ్యూటీయే 66 వేలు. మొదటి ఇల్లు అనే రాయితీ 7.5 లక్షలు దాటితే రాదు. లోనుకి డిపాజిట్ లెక్కేసేటప్పుడు ఇది విడిగా తీసిపెట్టుకో.

స్కూలు జోన్, అంటే ఏ అడ్రసు ఏ ప్రభుత్వ స్కూలు కిందికొస్తుందో, దాని గురించి ఏజెంటు చెప్పింది నమ్మకు. వీధికి ఇటు ఒక స్కూలు, అటు ఇంకోటి పడొచ్చు. విక్టోరియా ప్రభుత్వ ‘ఫైండ్ మై స్కూల్’ సైట్‌లో ఆ ఇంటి అడ్రసు కొట్టి చూడు. జోన్ గీతలు మారుతుంటాయి కూడా, అందుకే సరిగ్గా అంచున ఉన్న ఇంటికి ఎక్కువ పెట్టకు.

ఇల్లు చూడ్డానికి వెళ్తే కొత్త పెయింటు, అద్దెకు తెచ్చిన సోఫాలు చూసి కోడలు ముచ్చటపడుతుంది. పడనీ. నువ్వు మాత్రం ప్రతి తలుపూ వేసి తీసి చూడు. చెక్క ఫ్లోరు కింద స్టంపులని పొట్టి స్తంభాలుంటాయి. అవి కుంగితే తలుపులు బిగుసుకుంటాయి, కిటికీ మూలల నుంచి గోడకి ఏటవాలు పగుళ్లొస్తాయి, నేలమీద పెట్టిన గోలీ దానంతటదే దొర్లిపోతుంది. చూరు కింది పలకల్లో ఆస్‌బెస్టాస్, అంటే పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు చేసే నార, ఉండొచ్చు. కదపనంతకాలం పెద్ద భయం లేదు, రిపేర్లు మొదలుపెడితేనే ఖర్చు.

ఇల్లు వేలంలో అమ్ముతుంటే, నిపుణుడితో ఇన్‌స్పెక్షన్ ఆ వేలానికి ముందే చేయించాలి. మామూలు అమ్మకంలో సంతకం పెట్టాక మూడు పనిదినాల్లోపు కొద్ది మొత్తం పోగొట్టుకుని వెనక్కి తగ్గొచ్చు. వేలంలో ఆ వెసులుబాటు లేదు. సుత్తి పడితే అప్పటికప్పుడే సంతకం, మామూలుగా పది శాతం డిపాజిట్. తర్వాత బ్యాంకు లోన్ ఇవ్వలేదంటే కుదరదు. అమ్మేవాళ్లు ఆస్తి వివరాలతో ఇచ్చే సెక్షన్ 32 కాగితాలు కూడా ముందే కన్వేయన్సర్‌కి, అదే ఆస్తి బదిలీ కాగితాలు చూసే నిపుణుడికి, చూపించు. పెరట్లో డ్రైనేజీ ఈజ్‌మెంట్, అంటే డ్రైనేజీ గొట్టాల కోసం వదలాల్సిన జాగా, ఉంటే అక్కడ గది వేసుకోవడం కష్టం. నీ ఆఖరి పాట ఎంతో ఇంట్లోనే తేల్చుకుని చీటీ మీద రాసుకో. పంతం మీద పాట పెంచేవాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదు.

తూర్పు ముఖం దొరకలేదని మీ నాన్న బెంగపడతాడు. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపుగా తిరుగుతాడు. జూలై చలిలో హాల్లోకి ఎండ రావాలంటే ఉత్తరాన పెద్ద కిటికీలుండాలి. అన్నయ్యతో ఆ సంగతి నేను మాట్లాడతాను. నువ్వు ఈ శనివారం వేలం చూడ్డానికి వెళ్లు, చెయ్యి మాత్రం ఎత్తకు.

మీ బాబాయ్