హైదరాబాద్ టీమ్‌కి ప్రొడక్షన్ యాక్సెస్ ఎలా ఇవ్వాలి?

అమెరికాలో మీది చిన్న హెల్త్‌కేర్ కంపెనీ, డెవలపర్లు హైదరాబాద్‌లో ఉన్నారు, పేషెంట్ల అసలు డేటాతో నడుస్తున్న సిస్టమ్‌లోకి, అంటే ప్రొడక్షన్‌లోకి, వీపీఎన్ (బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వచ్చే సురక్షితమైన దారి) ఇచ్చి రానిస్తే సరిపోతుందా అని అడిగారు. చాలదండీ. ఇలాంటి ప్రాజెక్టుల్లో హైదరాబాద్ వైపు నుంచే ఏళ్ళుగా పనిచేస్తున్నాను, ఇక్కడ కళ్ళారా చూసింది చెప్తాను.

ముందు, డెవలపర్‌కి అసలు డేటా ఎందుకో అడగండి. మా పనిలో చాలావరకు మాస్క్ చేసిన (అసలు వివరాలు దాచేసిన) డేటాతో అయిపోతుంది. అయితే పేర్లు, ఎస్ఎస్ఎన్‌లు (అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబర్లు) మార్చేసి ఊరుకోవద్దు. పుట్టిన తేదీ, జిప్ కోడ్ కలిపితే మనిషి దొరికిపోవచ్చు. డాక్టర్లు రాసే నోట్స్ కాలమ్ ఇంకా ప్రమాదం. "వాళ్ళబ్బాయి ఫలానా ఫోన్ చేశాడు" అని పేరూ నంబరూ అందులోనే ఉంటాయి. ఆ కాలమ్ కాపీ చేయనే చేయకండి.

ప్రొడక్షన్ చూడక తప్పనప్పుడు టికెట్ (ఫలానా పనికి యాక్సెస్ కావాలని పెట్టే రిక్వెస్టు) మీద గంటో రెండు గంటలో యాక్సెస్ ఇచ్చి, దానంతటదే పోయేలా పెట్టండి. అమెరికాలో ఉన్న వర్చువల్ డెస్క్‌టాప్ (దూరం నుంచి తెరిచి వాడే కంప్యూటర్) నుంచే, కాపీ-పేస్ట్ ఆపేసి, సెషన్ రికార్డ్ అయ్యేలా. ఇక్కడే చాలామంది ఒక సంగతి వదిలేస్తారు: ఆ టికెట్‌ని అప్రూవ్ చేసేదెవరు? మాకు మధ్యాహ్నం రెండంటే మీకు అర్ధరాత్రి దాటిపోయింది. మీ మేనేజర్ లేచేదాకా ఆగాలంటే, రిలీజ్ టెన్షన్‌లో ఎవరో ఒకరు యాక్సెస్ ఉన్నవాళ్ళ పాస్‌వర్డ్ చాట్‌లో అడిగేస్తారు. ఒక ప్రాజెక్టులో అచ్చంగా ఇదే జరిగింది. అందులో ఎవరికీ దురుద్దేశం లేదు, పని ఆగకూడదనే ఆత్రమే. కాబట్టి ఇండియా టైమ్‌లో మేలుకుని ఉండే అప్రూవర్ ఒకరు తప్పనిసరి.

ఫోన్‌లో "అప్రూవ్" నొక్కే ఎంఎఫ్ఏని (పాస్‌వర్డ్ తర్వాత జరిగే రెండో తనిఖీని) నమ్ముకోవద్దు. 2022లో ఉబర్‌లోకి చొరబడినవాడు ఒక కాంట్రాక్టర్‌కి ఆ రిక్వెస్టులు వరసగా పంపాడు, ఆయన చివరికి ఒకటి ఒప్పుకున్నాడు. యూబీకీ లాంటి ఫైడో కీలు (లాగిన్ అయ్యేటప్పుడు వాడే చిన్న పరికరాలు) కొనివ్వండి, ఖర్చు పెద్దగా ఉండదు.

పేషెంట్ల వివరాలని కాపాడే అమెరికా హిపా చట్టం విదేశాల నుంచి పని చేయించొద్దని అనదు. డెవలపర్లని ఇచ్చే వెండర్ కంపెనీతో బీఏఏ (పేషెంట్ల డేటాని కాపాడతామనే ఒప్పందం) మాత్రం ఉండాలి. కొన్ని రాష్ట్రాల మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కాంట్రాక్టులు మాత్రం డేటా దేశం దాటడానికి ఒప్పుకోవు, లాయర్‌కి చూపించండి.

ఇంకొకటి. వెండర్ దగ్గర మనిషి ప్రాజెక్టు మారినా, మానేసినా ఆ కబురు మీదాకా రావడానికి వారాలు పడుతుంది. అందుకని ఎవరెవరు ఉన్నారో ప్రతి సోమవారం లిస్టు పంపమనండి, అందులో లేని పేరుని ఆ రోజే తీసేయండి. పాస్‌వర్డ్ లేకుండా కోడ్‌లోకి, సర్వర్లలోకి రానిచ్చే గిట్‌హబ్ టోకెన్లు, ఎస్ఎస్‌హెచ్ కీలు కూడా అప్పుడే తీసేయాలి, అకౌంట్ ఒక్కటే మూస్తే సరిపోదు.