జపాన్ విడిదుల్లో బస: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో జపాన్ విడిదుల గురించి అడిగినవే ఎక్కువ. పిల్లలు అక్కడ ఉద్యోగాలలో స్థిరపడగా వారిని చూడడానికి బయలుదేరుతున్న తల్లిదండ్రులు కొందరు రాశారు, వెళ్లి వచ్చి నొచ్చుకున్నవారు కొందరు రాశారు. ఆ దేశంలో కొన్నేళ్లు ఉండి, చిన్నవీ పెద్దవీ అనేక విడిదుల్లో గడిపిన అనుభవంతో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి యొకొహామాలో ఉద్యోగం చేస్తున్నాడు. నవంబరులో మా దంపతులం వెళ్తున్నాం. హకోనెలో ఒక ర్యోకాన్‌లో రెండు రాత్రులకు గది మాట్లాడాడు. హోటల్లో గదికి ఇంత అంటారు, ఇక్కడేమో తలకు ఇంత అని రెట్టింపు అడుగుతున్నారు. ఇది న్యాయమేనా?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: న్యాయమేనండి. ర్యోకాన్ అంటే జపాన్ సంప్రదాయ విడిది. ఒక రాత్రి బస, రాత్రి భోజనం, మరునాటి ఉదయపు భోజనం, వేడినీటి స్నానశాల అన్నీ సాధారణంగా ఒకే ధరలో కలిసి ఉంటాయి కనుక మనిషికి ఇంత అని లెక్క కడతారు. రాత్రి పెట్టే కైసెకి భోజనంలో ఆ ఋతువులో, ఆ చుట్టుపక్కల దొరికే పదార్థాలతో చేసిన చిన్న చిన్న వంటకాలు పది దాకా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇది కాక, వేడినీటి ఊళ్లలో స్నానపు పన్ను కింద మనిషికి రోజుకు సాధారణంగా 150 యెన్‌లు విడిగా తీసుకుంటారు.

మీరు డబ్బు కన్నా వేళల గురించి ఎక్కువ ఆలోచించాలని నా మనవి. హోటల్‌కు అర్ధరాత్రి చేరినా గది తాళం ఇస్తారు. ర్యోకాన్‌కు మాత్రం ఒక ఇంటికి ఉన్నట్లే దినచర్య ఉంటుంది, వచ్చిన అతిథి అందులో కలిసిపోవాలి. మధ్యాహ్నం మూడు గంటలకు గది ఇస్తారు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్లాక, నకాయ్ అనే పరిచారిక గదికి తీసుకువెళ్లి, టీతో పాటు ఆ ఊరి మిఠాయి పెట్టి, భోజనం ఎన్ని గంటలకు కావాలో అడుగుతుంది. ఆరు, ఏడు గంటల మధ్య భోజనం. మీరు భోజనంలో ఉండగా గదిలో తతామి చాపల మీద ఫుటోన్ పరుపులు పరిచి వెళతారు. ఉదయం పది గంటలకల్లా గది ఖాళీ చేయాలి. ఈలోగా భోజనానికి ముందు ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారగానే మరొకసారి స్నానం చేయడం అక్కడివారి అలవాటు. సాయంత్రం ఆరింటికి చేరి ఉదయం ఎనిమిదింటికి వెళ్లిపోయేవారికి ఆ ధర భారంగానే కనిపిస్తుంది కాబట్టి మీరు మూడింటికే చేరండి. కింద కూర్చుని లేవడానికి మోకాళ్లు సహకరించకపోతే ఆ మాట ముందే చెప్పించండి. మంచాలు, కుర్చీలు ఉన్న గదులు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి.

ఈ వృత్తి ఎంత పాతదో తెలిస్తే దాని పద్ధతులు ఎందుకంత గట్టిగా ఉన్నాయో అర్థమవుతుంది. యమనాషి కొండల్లోని కెయున్‌కాన్ అనే విడిది క్రీ.శ. 705లో మొదలైందని చెబుతారు. ప్రపంచంలో అన్నిటికన్నా పాత హోటల్‌గా గిన్నిస్ గుర్తింపు దానికే ఉంది. ఇషికావాలోని హోషి అనే విడిది 718 నాటిదని చెబుతారు. మన వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుతున్న రోజులవి.

ప్రశ్న: మా దంపతులం, ఎనిమిదేళ్ల బాబు, మా అత్తగారు కలిసి వెళ్తున్నాం. వేడినీటి స్నానశాలలో అందరి మధ్యా ఒంటిమీద బట్ట లేకుండా స్నానం చేయాలట. ఈత దుస్తులు వేసుకోనిస్తారా? మా అత్తగారు ససేమిరా అంటున్నారు.
(ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: ఈత దుస్తులు వేసుకోనివ్వరు. ఒంటిమీద బట్టతో దిగితే అందరూ వాడే నీటిలోకి మురికి చేరుతుందన్నది వారి భావన. చాలాచోట్ల స్త్రీలకూ పురుషులకూ స్నానశాలలు వేరువేరుగా ఉంటాయి. ద్వారానికి వేలాడే నోరెన్ తెర తరచుగా పురుషుల వైపు నీలం, స్త్రీల వైపు ఎరుపు రంగులో ఉంటుంది. అయితే అనేక విడిదుల్లో రాత్రి ఒక వైపున్న తెరను ఉదయానికి రెండో వైపుకు మార్చేస్తారు. రెండు స్నానశాలల అందమూ అతిథులందరికీ దక్కాలన్నది వారి ఉద్దేశం. నిన్న వెళ్లిన ద్వారమే కదా అని పొద్దున్నే నిద్రమత్తులో నడిచి వెళ్లకుండా ప్రతిసారీ తెరను చూసి వెళ్లండి. రంగును నమ్మలేకపోతే అక్షరాన్ని చూడండి: పురుషుడు అనే అక్షరంలో పైభాగం నాలుగు గళ్ల చతురస్రంలా ఉంటుంది, దానికి అర్థం పొలం, కింది భాగానికి అర్థం బలం.

లోపల అసలు స్నానం తొట్టిలో కాదు, బయటే. గోడ పొడవునా చిన్న పీటలు, నీటి చెంబులు, సబ్బు ఉంటాయి. పీట మీద కూర్చుని ఒళ్లంతా శుభ్రంగా రుద్దుకుని, నురుగంతా కడుక్కున్నాకే వేడినీటిలోకి దిగాలి. తలకు నూనె రాసుకున్నవారు తలంటు పోసుకోకుండా దిగకూడదు. మన ఆడవాళ్లకు ఈ మాట తప్పక చెప్పండి. జుట్టు ముడివేసుకోవాలి. వెంట ఇచ్చే చిన్న తువ్వాలును నీటిలో ముంచకుండా మడిచి తలమీదో గట్టుమీదో పెట్టుకోవాలి. ఫోన్ లోపలికి తీసుకుపోకూడదు. ఎవరూ ఎవరివైపూ చూడరు. మొదటిసారి వెళ్లినప్పుడు నాకున్న సంకోచం పీట మీద కూర్చుని కాళ్లు రుద్దుకునేలోపే పోయింది, ఎందుకంటే పక్కన కూర్చున్న పెద్దాయన తన స్నానంలో తాను ఉన్నాడు.

బాబు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పిల్లలను తల్లితో స్త్రీల వైపుకు తీసుకువెళ్లే వయోపరిమితి ఒకప్పుడు సుమారు పదేళ్లు ఉండేది. 2020లో అక్కడి ఆరోగ్య మంత్రిత్వశాఖ దానిని సుమారు ఏడేళ్లకు తగ్గించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మీ బాబు మీతోనే రావాలి.

ఇక మీ అత్తగారిని బలవంతం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. కషికిరి అనే ప్రత్యేక స్నానగది ఉన్న విడిదులు చాలా ఉన్నాయి. అక్కడ ముప్పావుగంటకో గంటకో ఒక కుటుంబానికే తలుపు వేసి ఇస్తారు, కొన్నిచోట్ల దానికి విడిగా రుసుము ఉంటుంది. గదికే సొంత వేడినీటి తొట్టి ఉన్న విడిదులూ దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ. ఇవేవీ వద్దనుకుంటే ఊళ్లోని పాదస్నానపు తొట్టెలు ఉన్నాయి: చీర కాస్త పైకి పట్టుకుని గట్టుమీద కూర్చుని కాళ్లు వేడినీటిలో పెట్టుకోవచ్చు. యుకతా అనే నూలు అంగీ ఇస్తే ఎడమ అంచు కుడి అంచు మీదికి వచ్చేలా కట్టుకోమని చెప్పండి; కుడి అంచును పైకి వేసేది మరణించినవారికి మాత్రమే.

ప్రశ్న: మేము శాకాహారులం, ఉల్లి వెల్లుల్లి కూడా తినం. "శాకాహారం ఉంది" అని వారు రాస్తే నమ్మవచ్చా?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఆ ఒక్క మాటను నమ్మి వెళ్లవద్దండి. వారు మోసం చేస్తారని కాదు. ఆ మాటకు వారి వంటింట్లో ఉన్న అర్థం వేరు. జపాన్ వంటకు ప్రాణం దాషి అనే రసం. దాన్ని తరచుగా కత్సువొబుషితో, అంటే పొగబెట్టి ఎండించిన చేపను సన్నగా చెక్కిన పొట్టుతో కాస్తారు. మిసో పులుసులో, ఉడికించిన కూరగాయల్లో, నూడుల్స్‌తో ఇచ్చే రసంలో కూడా అది ఉండవచ్చు. పళ్లెంలో చేపముక్క కనిపించకపోతే అది శాకాహారమే అనుకునే వంటవారు అక్కడ చాలామంది ఉన్నారు. కాబట్టి ఏమి తినరో ఒక్కొక్కటిగా పేరుపెట్టి చెప్పాలి. "నికు మొ, సకనా మొ, కత్సువొబుషి నొ దాషి మొ తబెమసెన్" అంటే మాంసం, చేప, చేపపొట్టు రసం మూడూ తినమని అర్థం. ఈ మాట గది మాట్లాడుకునే రోజే, జపనీస్‌లో రాసి పంపండి. సముద్రపు నాచు కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో కూడా దాషి కాయవచ్చు. కానీ వారంముందు చెబితే సంతోషంగా వండే వంటమనిషికి, సాయంత్రం ఐదింటికి గుమ్మంలో చెబితే చేయగలిగిందేమీ ఉండదు. వారు వీలుకాదని రాస్తే మర్యాదతో చెప్పిన నిజమని గ్రహించి, భోజనం లేని బస తీసుకోండి.

మీకు నేను మనస్ఫూర్తిగా సూచించేది కోయసాన్. కూకాయ్ అనే బౌద్ధాచార్యుడు 816లో స్థాపించిన ఆశ్రమ నగరం అది, ఒసాకాకు దక్షిణంగా వకయామా కొండల మీద ఉంది. అక్కడి ఆలయాల్లో యాభైకి పైగా యాత్రికులకు బస ఇస్తాయి. ఆ బసను షుకుబొ అంటారు. పెట్టేది షోజిన్ ర్యోరి, అంటే బౌద్ధ భిక్షువుల ఆహారం. మాంసం, చేప ఉండవు. సంప్రదాయం ప్రకారం ఉల్లి, వెల్లుల్లి జాతి ఘాటు దుంపలూ నిషిద్ధమే. నువ్వులతో చేసే గోమాదోఫు, సోయా పనీర్‌ను గడ్డకట్టించి ఎండబెట్టిన కోయదోఫు అక్కడి ప్రత్యేకతలు. దేశంకాని దేశంలో మన నియమం మరొకరి నియమంతో ఇంత దగ్గరగా కలవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. భోజనం సాయంత్రం ఐదున్నర, ఆరుకే పెట్టేస్తారు. తెల్లవారుజామున జరిగే ప్రార్థనకు అతిథులూ వెళ్లి కూర్చోవచ్చు.

ప్రశ్న: వేడినీటి బుగ్గలో గంధకం ఉంటుందంటున్నారు. మెట్టెలు, పట్టీలు తీయాలా? మా అమ్మాయికి అయిదో నెల, ఆమె దిగవచ్చా? అది నిజంగా భూమిలోంచి వచ్చిన నీరేనని ఎలా తెలుస్తుంది?
(ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: గంధకపు నీటిలో వెండి నల్లబడుతుంది. పట్టీలు తీసేయండి. మెట్టెలు తీయడం ఇష్టంలేకపోతే గంధకం లేని నీరున్న ఊరిని ఎంచుకోండి, ఎందుకంటే బుగ్గలన్నీ ఒకటి కావు. కోబే దగ్గరి అరిమాలో ఇనుముతో గోధుమరంగుకు తిరిగిన "బంగారు నీరు" ఉంది. కుసాత్సులో నీటి ఆమ్లత్వం నిమ్మరసం దరిదాపుల్లో ఉంటుంది. కుసాత్సు నీరు ఊటలో 50 డిగ్రీలకు పైగా ఉండడంతో, చన్నీళ్లు కలిపితే గుణం పోతుందని పొడవాటి చెక్క పలకలతో తిరగతిప్పి చల్లార్చే పద్ధతిని అక్కడ ఇప్పటికీ ప్రదర్శిస్తారు.

గర్భిణులు దిగకూడదన్న హెచ్చరికను జపాన్ పర్యావరణ మంత్రిత్వశాఖ 2014లో జాబితా నుంచి తొలగించింది. అయినా మీ అమ్మాయి తన వైద్యురాలిని అడిగాకే దిగాలి. నేల జారుతుంది, నీరు 40 నుంచి 42 డిగ్రీల వేడిలో ఉంటుంది, ఒంటరిగా వెళ్లనివ్వవద్దు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్న పెద్దలకూ ఇదే మాట. ముందు కాళ్లమీద, తర్వాత ఒంటిమీద నీరు పోసుకుని, మొదటిసారి ఐదు నిమిషాలకు మించకుండా కూర్చోండి.

నీటి సంగతి గోడ మీదే రాసి ఉంటుంది. 1948 నాటి చట్టం ప్రకారం ఊటలో 25 డిగ్రీల వేడి ఉన్నా, పేర్కొన్న 19 గుణాలలో ఒక్కటైనా తగిన మోతాదులో ఉన్నా దానిని ఒన్సెన్, అంటే వేడినీటి బుగ్గ, అనవచ్చు. అంటే పైకి తెచ్చి కాచిన నీరూ ఒన్సెనే. 2004లో నగానోలోని ఒక పేరున్న వేడినీటి ఊళ్లో నీటి తెలుపురంగు కోసం పొడి కలిపిన సంగతి బయటపడి దేశమంతా కోపించింది. ఆ మరుసటి ఏడాది నుంచి నీరు కలిపారా, కాచారా, వాడిన నీటినే తిప్పుతున్నారా, క్రిమిసంహారకం వేశారా అన్నవి రాసిపెట్టడం తప్పనిసరి అయింది. ఊటనుంచి వచ్చిన నీరు వచ్చినట్లే పొర్లిపోయే తొట్టిని కకెనగషి అంటారు. ఆ మాట కోసం చూడండి.

ప్రశ్న: ఒసాకాలో బిజినెస్ హోటల్ గదిలో రెండు పెట్టెలు తెరిచే చోటు లేదు. మోసపోయామా?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: లేదు. అలాంటి ఒంటిమంచం గది పన్నెండు, పదిహేను చదరపు మీటర్లు ఉండడం మామూలే. గది మాట్లాడేటప్పుడు వైశాల్యం, పొగతాగే గదా కాదా అన్నవి చూడండి. టిప్పు ఇవ్వనక్కర్లేదు, బల్లమీద డబ్బు వదిలితే మరిచిపోయారనుకుని తెచ్చి ఇస్తారు.

ప్రశ్న: రైలు తప్పిపోయి ర్యోకాన్‌కు రాత్రి తొమ్మిదికి చేరాం. భోజనం అయిపోయిందన్నారు. డబ్బూ తిరిగి ఇవ్వలేదు. పిల్లలు బిస్కెట్లు తిని పడుకున్నారు. అతిథిని దేవుడిలా చూస్తారంటారే, ఇదేనా?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: పిల్లలు ఆకలితో పడుకోవడం చదివి బాధ కలిగింది. అన్నం ముద్దలు చుట్టి గదిలో పెట్టే విడిదులను నేను చూశాను, వారూ ఆ పని చేసి ఉండవలసింది. అయితే డబ్బు విషయంలో వారిది తప్పనలేను. మీ అందరి కోసం ఆ ఉదయమే చేపలు, కూరగాయలు కొని, వేళకు వేడిగా అందేలా వండారు. వంటవారు పని ముగించుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. రానివారి భోజనం మరొకరికి పెట్టరు. చేరవలసిన రోజునే రద్దుచేస్తే చాలాచోట్ల ధరలో పెద్ద భాగం, చెప్పకుండా మానేస్తే మొత్తం కట్టవలసి రావడానికీ కారణం ఇదే. ఆలస్యమవుతుందని తెలిసిన క్షణంలోనే ఫోన్ చేయండి. భాష రాకపోతే స్టేషన్‌లోని పర్యాటక సమాచార కేంద్రంలో విడిది పేరు చూపించి, మీరు చేరే గంటను కాగితం మీద అంకెల్లో రాసి ఇస్తే, చాలాచోట్ల వారే మీ తరఫున మాట్లాడి పెడతారు.