కొరియా పిల్లల ముందు అరవకు చెల్లీ, చప్పట్లు కొట్టించు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది తెనాలి. ఇంగ్లీష్‌లో బీఈడీ చేసి, మార్చిలో కొరియాకి అసిస్టెంట్ టీచర్‌గా వచ్చాను. ప్రైమరీ స్కూల్లో ఐదో తరగతి ఇచ్చారు. పిల్లలు ఒక్క నిమిషం కుదురుగా కూర్చోరు. అరిచి అరిచి గొంతు పోతోంది. ఈ పని నా వల్ల కాదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లీ, ముందు ఆ గొంతు కాపాడుకో. ఇక్కడి సువాన్ నగరంలో టీచర్‌గా చేరిన మొదటి నెలంతా నేనూ అరిచాను. మన దగ్గర టీచర్ గొంతు పెంచితే క్లాసు సద్దుమణుగుతుంది. ఇక్కడ నేను 'సైలెన్స్' అంటే 24 మందీ నాకంటే గట్టిగా 'సైలెన్సు' అని అరిచేవాళ్ళు. వెక్కిరిస్తున్నారనుకుని ఇంటికెళ్ళి ఏడ్చాను. కానీ అది వెక్కిరింత కాదు. టీచర్ ఒక మాట అంటే అందరూ కలిసి బదులు పలకడం వాళ్ళకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ సంగతి మా కో-టీచర్ని, అంటే నాతో కలిసి క్లాసు చెప్పే కొరియన్ టీచర్ని, చూశాక తెలిసింది. ఒకరోజు గోల మధ్యలో ఆవిడ మామూలు గొంతుతోనే 'పక్సు సే బొన్, షీజాక్!' అంది. మూడు చప్పట్లు, మొదలు అని అర్థం. టప్, టప్, టప్. వెనక వరసలో ఒకడు క్లాసులో వేసుకునే చెప్పు తీసి పక్కవాడి మీదకి విసరబోతున్నాడు. దాన్ని గబుక్కున చంకలో ఇరికించుకుని వాడు కూడా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ఈ మాట ఇవాళే నేర్చుకో. రెండు వారాలయ్యాక దాన్నే ఇంగ్లీష్‌లో అను.

క్లాసు 40 నిమిషాలే. అందులో నువ్వు వరసగా పది నిమిషాలు మాట్లాడావంటే పిల్లలు చేజారినట్టే. ఇద్దరిద్దర్ని జత చెయ్యి. రాయి, కత్తెర, కాగితం ఆటని వీళ్ళు 'కావి బావి బో' అంటారు. గెలిచినవాడు ప్రశ్న అడగాలి, ఓడినవాడు పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలి. ఎవరు ముందన్న తగువు ఉండదు, ఆ ఆట తీర్పుని ప్రతి పిల్లాడూ ఒప్పుకుంటాడు. గోల అలాగే ఉంటుంది, కాకపోతే ఇంగ్లీష్‌లో ఉంటుంది. మనకి కావలసింది అదే కదా!

ఇంకో సంగతి. వీళ్ళు బస్‌ని 'బొసు' అంటారు, ఫిష్‌ని 'పిషి' అంటారు. కొరియన్‌లో 'ఎఫ్' శబ్దం లేదు, 'స్', 'ష్' లాంటి శబ్దంతో ముగిసే ఇంగ్లీష్ మాట చివర ఒక అచ్చు తగిలించడం అలవాటు. మన నాయనమ్మలు బస్సు, పెన్ను, కారు అనలేదూ? నేను బోర్డు మీద బస్సు బొమ్మ గీసి, మా ఊళ్ళో దీన్ని 'బస్సు' అంటారని చెప్పాను. క్లాసంతా 'బస్సు, బస్సు' అని ఒకటే కేకలు. ఆ రోజు వరకూ నోరు విప్పని ఒక పాప కూడా అరిచింది. తప్పు పలికితే టీచర్ నవ్వదన్న నమ్మకం వాళ్ళకి ఆ రోజే కుదిరింది.

పిల్లల పేర్లు ఎర్ర ఇంకుతో రాయకు. బతికున్నవాళ్ళ పేరు అలా రాయడం ఇక్కడ అశుభం. తెలియక నేను రాస్తే ఒక పిల్లాడు నోట్‌బుక్ ముట్టుకోలేదు. చెయ్యి చేసుకోవడం అసలే వద్దు, సరదాకి చెవి మెలేయడం కూడా. అల్లరి హద్దు దాటితే కో-టీచర్‌కి వదిలెయ్యి. తల్లిదండ్రులతో వాళ్ళ భాషలో మాట్లాడాల్సింది ఆవిడే.

రావాలనుకుంటున్న మిగతావాళ్ళ కోసం ఒక మాట. మనవాళ్ళకి ఈ ఉద్యోగం 2010లో అమల్లోకి వచ్చిన ఇండియా-కొరియా వాణిజ్య ఒప్పందం (సెపా) ద్వారా దొరుకుతుంది. డిగ్రీతో పాటు ఇంగ్లీష్ టీచర్ అర్హత ఉండాలి, అదీ స్కూళ్ళలో అసిస్టెంట్‌గానే. సాయంత్రాలు హాగ్వన్‌లో, అంటే ప్రైవేట్ ట్యూషన్ సెంటర్లో, చెప్పమని ఎవరైనా డబ్బు ఆశ చూపిస్తే ఒప్పుకోకండి. వీసాకే ఎసరు వస్తుంది.

చెల్లీ, రేపొద్దున పిల్లలు 'టీచర్, టీచర్' అని మీద పడితే విసుక్కోకు. టీచర్ని పేరు పెట్టి పిలవడం వీళ్ళకి అమర్యాద. చనువు పెరిగాక అది 'స్సేమ్' అవుతుంది, కొరియన్‌లో టీచర్ అనే మాటకి ముద్దు రూపం అది. ఆ పిలుపు విన్న రోజు నాకు రాయి.