రిటైరయ్యాక హెల్త్ పాలసీ మార్చాలంటే ముందు రెన్యువల్ తేదీ చూడండి

ప్రశ్న: నా వయసు 64, నా భార్యకు 61. ప్రైవేటు ఫ్యాక్టరీలో అకౌంటెంటుగా చేసి రిటైరయ్యాను. 2019 ఆగస్టు నుంచి ఒకే కంపెనీలో ఇద్దరికీ కలిపి 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది. నాకు షుగర్ ఉంది. 2022లో స్టెంట్ వేశారు, ఆ క్లెయిమ్ ఇచ్చారు. నిరుడు అక్టోబరులో నా భార్య డెంగీతో ఆసుపత్రిలో చేరితే, అడ్మిషన్ అవసరం లేదంటూ క్లెయిమ్ కొట్టేశారు. ఫోన్‌లో ఎంత మొత్తుకున్నా వినలేదు. ఇన్నేళ్లు డబ్బు కట్టించుకుని ఇలా అవమానిస్తారా? తెలిసిన ఏజెంటు ‘దాన్ని వదిలేయండి, వేరే కంపెనీలో తక్కువ ప్రీమియంతో 10 లక్షల కొత్త పాలసీ ఇప్పిస్తా, షుగర్ సంగతి రాయొద్దు’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రాసిన మూడు పేజీల్లో కంపెనీ వాళ్లు ఏమన్నారో, బంధువులు ఏమన్నారో అన్నీ ఉన్నాయి. పాలసీ ఏ రోజుతో ముగుస్తుందో మాత్రం లేదు. మీ వ్యవహారం తేలేది ఆ తేదీ మీదే. జతచేసిన జిరాక్సులో వెతికితే దొరికింది: ఈ ఏడాది ఆగస్టు 18.

కంపెనీ మారే హక్కు మీకుంది. దాన్నే పోర్టబిలిటీ అంటారు. అయితే మారేది రెన్యువల్ సమయంలోనే. రెన్యువల్‌కు 60 రోజుల కంటే ముందు కాకుండా, కనీసం 45 రోజులు మిగిలి ఉండగా కొత్త కంపెనీకి దరఖాస్తు చేయాలని పాలసీ షరతుల్లో సాధారణంగా ఉంటుంది. మీ విషయంలో అది జూన్ 19 నుంచి జూలై 4 వరకు. ఆలస్యంగా వచ్చినవి తీసుకునే కంపెనీలూ ఉన్నాయి గానీ, అది వాళ్ల ఇష్టం.

ఇప్పుడు ఏజెంటు మాట. అలా ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, పాలసీ తెగకుండా 60 నెలలు సాగితే, ఫలానా జబ్బు దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమ్‌ను కాదనలేదు. మోసం రుజువైతే తప్ప. మీకు ఆ 60 నెలలు 2024 ఆగస్టులోనే నిండాయి. ఈ వయసులో, స్టెంట్ ఉన్న మనిషికి ఇది ఎంత పెద్ద రక్షణో మీకు తెలిసినట్టు లేదు. పోర్ట్ చేస్తే ఈ కాలమంతా కొత్త కంపెనీలోనూ లెక్కలోకి వస్తుంది. పాతది వదిలేసి కొత్తది తీసుకుంటే మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ (ఆ జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని కాలం) పెట్టవచ్చు.

పైగా షుగర్ దాచమంటున్నాడు. స్టెంట్ క్లెయిమ్ చెల్లించిన రికార్డు పాత కంపెనీ దగ్గర ఉంది. మీ డిశ్చార్జి సమ్మరీలో షుగర్ ఎన్నేళ్లుగా ఉందో డాక్టరు ఒక లైను రాసే ఉంటారు. రేపు క్లెయిమ్ వస్తే కొత్త కంపెనీ మొదట అడిగేది ఆ కాగితమే. షుగర్, కిడ్నీ జబ్బు దాచి మెడిక్లెయిమ్ తీసుకున్న వ్యవహారంలో క్లెయిమ్ తిరస్కరణ సరైనదేనని 2009లో సత్వంత్ కౌర్ సంధూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజు ఏజెంటు మీ పక్కన నిలబడడు, ఫారం మీద ఉండేది మీ సంతకం. 2019 ఫారం కూడా ఏజెంటే నింపాడని, మీరు చదవకుండా సంతకం పెట్టారని రాశారు. జీవితమంతా లెక్కలు రాసిన మనిషి చేయాల్సిన పనేనా అది? తొందరపడి ఇప్పటికే కొత్త పాలసీ తీసుకుని ఉంటే, పత్రం చేతికొచ్చిన 30 రోజుల్లో ఫ్రీలుక్ (వద్దనుకుంటే పాలసీ రద్దు చేసుకునే వెసులుబాటు) కింద వెనక్కి ఇచ్చేయండి.

చేయాల్సింది ఇది. కొత్త కంపెనీ పోర్టబిలిటీ ఫారం, ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తు) మీ చేత్తో నింపండి. షుగర్, స్టెంట్, డెంగీ, వాడే మందులు అన్నీ రాయండి. 2019 నుంచి ప్రతి ఏడాది పాలసీ షెడ్యూలు, రెన్యువల్ నోటీసు, డిశ్చార్జి సమ్మరీలు జతచేసి, అందినట్టు రశీదు తీసుకోండి. నోటి మాట, ఫోన్ మాట సాక్ష్యంగా నిలవవు. పాత కంపెనీ 72 గంటల్లో మీ వివరాలు పంపాలి. అవి అందిన 5 రోజుల్లో కొత్త కంపెనీ అవునో కాదో చెప్పాలి.

కాదనొచ్చు కూడా. పోర్టబిలిటీ అంటే ఇన్నేళ్ల కాలాన్ని వెంట తీసుకెళ్లే హక్కు మాత్రమే, ఎదుటి కంపెనీ మిమ్మల్ని తీసుకుని తీరాలని కాదు. స్టెంట్ చూసి నిరాకరించవచ్చు, ప్రీమియం ఎక్కువ అడగవచ్చు. అందుకే కొత్త కంపెనీ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా పాత పాలసీని వదలొద్దు. ఆగస్టు 18లోపు ఏదీ తేలకపోతే పాతదానికే ప్రీమియం కట్టి, వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించండి. 30 రోజుల గ్రేస్ (గడువు దాటాక ప్రీమియం కట్టేందుకు ఇచ్చే సమయం) ఉంది కదా అని ఊరుకోకండి. ఆలోపు కడితే పాలసీ కొనసాగుతుంది గానీ, కట్టని ఆ రోజుల్లో వచ్చిన జబ్బుకు డబ్బు రాదు.

10 లక్షలకు పోర్ట్ చేసినా పాత కాలం వర్తించేది మీకున్న 5 లక్షలకు, దానికి చేరిన బోనస్‌కు (క్లెయిమ్ లేని ఏళ్లకు కలిసిన అదనపు కవరేజీకి) మాత్రమే. పెంచుకున్న భాగానికి వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది.

డెంగీ క్లెయిమ్ సంగతి వేరు. కంపెనీ మారినా అది పోదు, పాత కంపెనీ మీదే నడుస్తుంది. కానీ ఫోన్‌లో అరవడం ఫిర్యాదు కాదు. ఈ వారమే ఆ కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాతపూర్వకంగా పంపండి. అడ్మిషన్ ఎందుకు అవసరమైందో చికిత్స చేసిన డాక్టరు చేత రాయించి, ప్లేట్‌లెట్ రిపోర్టులు జతచేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విచారించే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. దానికి ఏడాది గడువుంది. తిరస్కరణ లేఖ తేదీ నుంచే లెక్కపెట్టుకుని, ఈ అక్టోబరు దాటనివ్వకండి. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్లు. అక్కడ కేసు వేశాక అదే విషయం మీద అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లలేరు కాబట్టి ముందు అంబుడ్స్‌మన్‌నే ఆశ్రయించండి.