పొలానికి టార్చిలైటు కొంటుంటే ముందు బ్యాటరీ చూడండి

మా నాన్నగారు రాత్రిళ్లు మోటారు వేయడానికి పొలం వెళ్తారు, ఆరేడు వందల్లో గట్టిగా నిలిచే ఎల్‌ఈడీ టార్చిలైటు ఏది అని మీరు అడిగారు. ఫలానా కంపెనీ అనడం కంటే, కొట్లో చేతికిచ్చిన లైటు మంచిదో కాదో అక్కడే తేల్చుకునే పద్ధతి చెబుతాను.

ఈ ధరలో బల్బు పోయి మూలపడేవి తక్కువ, బ్యాటరీ చచ్చి మూలపడేవే ఎక్కువ. కాబట్టి ల్యూమెన్ల (లైటు ఇచ్చే వెలుతురు కొలత) సంగతి తర్వాత, ముందు లోపల ఏ బ్యాటరీ ఉందో అడగండి.

రెండు పిన్నులు బయటికి తీసి గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చే ప్లాస్టిక్ లైట్లున్నాయి కదా, వాటిలో చాలావాటికి 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. చార్జింగ్ దిగిపోయాక వారాల తరబడి అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంతసేపు పెట్టినా నిలవదు. రాత్రంతా ప్లగ్గులో ఉంచితే, నిండాక ఆపే ఏర్పాటు లేనివి ఉబ్బుతాయి. అంతకంటే భయపడాల్సింది ఇంకోటి ఉంది. చౌక రకాల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కెపాసిటర్ అనే చిన్న భాగం ఒక్కదానితో 230 వోల్టులను తగ్గించి నెట్టుకొస్తారు. చార్జింగ్‌లో ఉన్నంతసేపూ లోపలి తీగలు కరెంటు లైనుతో కలిసే ఉంటాయన్నమాట. పగిలిన బాడీని తడి చేత్తో ముట్టుకుంటే షాక్ కొడుతుంది. బ్యాటరీ చచ్చినదాన్ని ప్లగ్గులో ఉండగా ఆన్ చేస్తే ఎల్‌ఈడీలు కూడా మాడిపోవచ్చు. నాన్నగారికి మాత్రం ఈ రకం వద్దే వద్దు. ఇప్పటికే ఇంట్లో ఉంటే పదిహేను రోజులకోసారి, అట్టపెట్టె మీద రాసినన్ని గంటలే చార్జింగ్ పెట్టండి.

మీరు అడగాల్సింది 18650 లిథియం సెల్లు వేసిన అల్యూమినియం బాడీ లైటు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరులోనే కొలత ఉంది. వెనక మూత తిప్పితే సెల్లు చేతిలోకి రావాలి. లోపలే అతికించేసి ఉంటే, రెండు మూడేళ్లకు సెల్లు నీరసించినప్పుడు లైటు మొత్తం పారేయాల్సి వస్తుంది. ఊడదీయగలిగితే సెల్లు ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. కొత్తది కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. రక్షణ సర్క్యూటు (చార్జింగ్ మరీ ఎక్కువైనా, మరీ దిగినా ఆపేసేది) ఉన్న సెల్లు నాలుగైదు మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ, కొన్ని లైట్లలో పట్టదు.

సెల్లులో ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే అంకె ఎంఏహెచ్. సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని ఉంటే అది అబద్ధం. ఎంత మంచి కంపెనీ 18650 అయినా 3500, మహా అయితే 4000. ఈ ధరలో నిజాయితీగా దొరికేది 1500 నుంచి 2600. అనుమానముంటే కాటా మీద పెట్టండి. అసలైనది 45 గ్రాముల అటూ ఇటూ తూగుతుంది, 30 లోపు తూగితే లోపల సరుకు లేనట్టే. సెల్లు మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 అన్న అంకె ఉన్నాయేమో కూడా చూడండి.

ఇక ల్యూమెన్లు. ఎల్‌ఈడీ ఒక వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకోండి. పెట్టె మీద 10,000 అని రాశారంటే 100 వాట్లు కావాలి, ఒక్క సెల్లు అంత ఇవ్వలేదు. 2200 ఎంఏహెచ్ సెల్లులో ఉండేది ఎనిమిది వాట్-అవర్లు, అంటే ఒక వాట్ చొప్పున వాడితే ఎనిమిది గంటలు. 300 ల్యూమెన్ల దగ్గర మూడు వాట్లు తింటే రెండున్నర గంటలు వస్తుంది. తక్కువ వెలుతురులో పెట్టుకుంటే రాత్రంతా వస్తుంది. గట్టు మీద నడవడానికి 200, 300 చాలు. దూరం విషయంలో కూడా ఇలాగే లెక్క చూసుకోండి: పెట్టె మీద 200 మీటర్లు అని ఉంటే అంత దూరాన వెలుతురు పున్నమి వెన్నెలంత మిగులుతుందని అర్థం. మనిషిని గుర్తుపట్టాలంటే అందులో సగమే నమ్మండి.

పాములు తిరిగే గట్టు మీద దూరం కొట్టే సన్నటి కిరణం కంటే కాళ్ల ముందు మూడు నాలుగు మీటర్లు వెడల్పుగా పరుచుకునే వెలుతురు ముఖ్యం. నీలం కొట్టే తెలుపులో ఎరుపు తక్కువ, మట్టి రంగు పాము, ఎండుగడ్డి ఒకేలా బూడిదగా కనిపిస్తాయి. వెలుతురు రంగును కెల్విన్‌లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ. 4000 నుంచి 5000 కెల్విన్ రకం దొరికితే అదే తీసుకోండి. ముందుకూ వెనక్కీ జరిపే జూమ్ లైట్లు మాత్రం వద్దు, ఆ జారే చోటు నుంచే వాన నీళ్లు దిగుతాయి. నీటికి ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్. ఐపీఎక్స్ 4 అంటే చినుకులకు ఆగుతుంది. కాలువలో పడినా బతకాలంటే ఐపీఎక్స్ 7 కావాలి.

కొట్లోనే చేయాల్సిన పరీక్షలు మూడున్నాయి. లైటు వేసి అరచేతిలో గట్టిగా తట్టండి, మినుకుమంటే స్ప్రింగు వదులు. ఫోన్ కెమెరాలో చూడండి, నల్లటి చారలు పాకితే వెలుతురు వేగంగా ఆరివెలుగుతోందని అర్థం, దానివల్ల కొందరికి కళ్లు లాగుతాయి. టైప్-సి చార్జింగ్ అయితే మీ ఫోన్ కేబుల్ పెట్టి చూడండి. చౌక వాటిలో రెసిస్టర్లనే రెండు చిన్న భాగాలు పెట్టకుండా ఖర్చు మిగుల్చుకుంటారు, అవి లేకపోతే రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఎక్కదు.

తర్వాతెప్పుడో మినుకుమనడం మొదలైతే లైటు పాడైందనుకోకండి. వెనక స్విచ్చి ఉన్న చాలా లైట్లలో కరెంటు తిరిగి వచ్చేది బాడీకి మూత బిగించే మరల (థ్రెడ్ల) గుండానే. మూత విప్పి, మరల మీది నల్లటి మసిని పొడి గుడ్డతో, సెల్లు తగిలే అంచును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. రబ్బరు రింగుకు కాస్త సిలికాన్ గ్రీజు రాయండి. వాడని నెలల్లో సెల్లు సగం చార్జింగ్‌తో విడిగా తీసి పెట్టండి, పూర్తిగా దిగిపోయే దాకా లైట్లోనే ఉంచొద్దు.